కొల్లేటి లంకల్లో పనులు, మధ్యతరగతి

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. దాని చుట్టూ పెదపాడు, ఏలూరు, కైకలూరు, మండవల్లి తదితర మండలాలు ఉన్నాయి. ఇక్కడి లంకల్లో 1970ల దాకా చాలా ఇళ్లు రెండు పనుల మీద బతికేవి: నీరు నిండితే తాటి దోనెల మీద వేట, నీరు తీస్తే బయటపడ్డ నేలలో వరి. వరదొస్తే పైరు పోయేది. అయినా దోనె, వల, కాస్త నేల సొంతమే కనుక ఒకరి ముందు చెయ్యి చాచే అవసరం తక్కువ.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులు, పేదలతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ చేపపిల్ల, మేత, ఐసు, లారీ అన్నిటికీ ముందే పెట్టుబడి కావాలి. ఆ స్తోమత లేని సంఘాల చెరువులు లీజుకు వెళ్లాయి. సభ్యుడికి ఏటా కొంత వాటా సొమ్ము దక్కింది, తన చెరువులోనే కూలి పని దక్కింది. దోనె, వల, నేల సొంతంగా ఉన్న ఇక్కడి మధ్యతరగతి పలచబడడానికి అసలు మలుపు ఇదే.

చెరువు పని తీరు ఇది: తవుడు నింపి చిల్లులు పొడిచిన సంచులను నీళ్లలో పాతిన వెదుళ్లకు కడతారు. చేపలు ఆ చిల్లుల్లోంచే మేత లాగుతాయి. పడవ మీద తిరుగుతూ సంచులు కట్టడం, గట్టు మీద పాకలో కాపలా, పట్టుబడి రోజున వల లాగడం, ఐసు వేసి పెట్టెలు నింపడం: పనులు ఇవే. శీలావతి, బొచ్చె కోల్‌కతా దాకా వెళ్తాయి. నాట్లు, కలుపు, కోతలు లేని చెరువు మీద ఆడకూలీలకు పని బాగా తగ్గింది. ఈ నష్టం ఎవరి లెక్కలోకీ సరిగా రాలేదు.

1999లో కొల్లేరును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యమని ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలంటే అది తప్పనిసరే. కానీ చెరువు కూలీలకు ప్రత్యామ్నాయ పని చూపడం అంతే అవసరం, అది సరిగా జరగలేదు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు వద్దని, జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూములకు పరిహారం ఇవ్వాలని సూచించింది.

అభయారణ్యం వెలుపల వరిచేలు కూడా చెరువులవుతూ వచ్చాయి. మిగిలిన వరిలో సాగు చాలావరకు కౌలుదారుదే. 2019లో రాష్ట్రం తెచ్చిన సాగు హక్కుల చట్టం ప్రకారం అతనికి సాగు హక్కు పత్రం రావాలంటే భూయజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది యజమానులు ఆ సంతకం పెట్టరు.