చనిపోయిన స్త్రీ కనుమ

మా అక్క కూతురు అమెరికాలో ఉద్యోగం చేస్తోంది. మొన్న సెలవుల్లో స్నేహితురాళ్ళతో పెరూ వెళ్ళి, ఇన్కాల కాలంనాటి రాతిదారిలో నాలుగు రోజులు నడిచి మాచుపిచ్చు చూసొచ్చింది. వీడియో కాల్‌లో ఫొటోలు చూపిస్తూ, "పిన్నీ, రెండోరోజు ఎక్కిన కనుమ పేరేమిటో తెలుసా? చనిపోయిన స్త్రీ కనుమ!" అంది.

"ఎవరే ఆవిడ? ఎలా పోయింది?" అన్నాను గాభరాగా.

"ఎవరూ కాదు పిన్నీ. దూరంనుంచి చూస్తే కొండ వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుందట. అందుకని ఆ పేరు."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ పేరు నన్ను వదల్లేదు. కూర్చుని ఆ దారి చరిత్ర చదివాను.

అది సుమారు 42 కిలోమీటర్ల నడక. మొదటిరాత్రి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున గుడారాల్లో పడుకున్నవాళ్ళు, మర్నాడు 4,200 మీటర్లు దాటి ఎక్కాలి. ఆ కనుమ దగ్గర నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుందట. గైడు లేకుండా వెళ్ళనివ్వరు. రోజుకు 500 మందికే అనుమతి. ఏటా ఫిబ్రవరి నెలంతా దారి మూసేస్తారు.

ఇన్కాలు వేసిన దారుల్లో ఇది ఒక చిన్న ముక్క మాత్రమే. మొత్తం కలిపితే 30,000 కిలోమీటర్ల పైమాటే. ఇప్పటి కొలంబియా నుంచి చిలీ, అర్జెంటీనా దాకా ఆరు దేశాల్లో ఉన్నాయి. 2014లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వాళ్ళకు బండిచక్రం లేదు, గుర్రం లేదు, ఇనుప పనిముట్టు లేదు. సామాను మోసింది లామాలూ, మనుషుల వీపులూ.

దారి వేస్తే సరిపోదు కదా, నడిచేవాళ్ళకి తిండి కావాలి. ఒకరోజు నడక దూరానికొకటి చొప్పున సత్రాలు, వాటికి తోడు కొండవాలుల్లో గిడ్డంగులు ఉండేవి. వాటిలో మొక్కజొన్నలు, ఎండుమాంసం, 'చున్యో' నిలవచేసేవారు. చున్యో అంటే ఎండబెట్టిన బంగాళాదుంప. రాత్రి మంచులో పరిచి గడ్డకట్టనిస్తారు. పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండలో పెడతారు. ఏళ్ళతరబడి పాడవదు. మన ఒరుగుల్లాంటివే అన్నమాట. దారి పనికి, సైన్యానికి వచ్చినవాళ్ళకి రాజ్యమే తిండి పెట్టి, మొక్కజొన్న బీరు పోసేది. ఆ బీరు చేసింది ఆడవాళ్ళే.

బట్ట సంగతీ అంతే. ఇన్కాలకి బంగారంకన్నా నేతబట్ట విలువైనది. సైనికులకి బహుమతిగా బట్టలిచ్చేవారు. ఊళ్ళలో ఆడవాళ్ళు నడుస్తూ కూడా కదురు తిప్పేవారు, ఇప్పటికీ తిప్పుతారు. ఇదికాక, పదేళ్ళ వయసు ఆడపిల్లల్ని ఏరి, తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకుపోయేవారు. 'అక్లా'లు అనేవారు వాళ్ళని. ఎత్తైన గోడల మధ్య ఉంచి నేత, వంట, బీరు చేయడం నేర్పేవారు. పెద్దయ్యాక కొందరిని దేవుడి సేవకి ఉంచి, కొందరిని రాజు తనకి నచ్చినవాళ్ళకి పెళ్ళిచేసి ఇచ్చేవాడు. కుస్కోలో వాళ్ళుండే భవనం ఉన్నచోట ఇప్పుడు క్రైస్తవ సన్యాసినుల మఠం ఉంది.

లోయల మీద గడ్డితో పేనిన వంతెనలుండేవి. అపురిమాక్ నది మీద అలాంటిది ఒకటి ఇంకా నిలిచి ఉంది, పేరు కేస్వచాక. ఏటా జూన్‌లో పాతది తీసేసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొత్తది కడతారు. గడ్డిని పురిపెట్టి సన్నతాళ్ళు పేనేది ఆడవాళ్ళు. వాటిని మోకులుగా పేని వంతెన కట్టేది మగవాళ్ళు. కట్టేచోటికి ఆడవాళ్ళు రాకూడదన్నది ఆచారం! కరోనావల్ల 2020లో కట్టలేకపోతే, 2021లో ఆ పాత వంతెన తెగి నదిలో పడింది. ఆ జూన్‌లోనే మళ్ళీ కట్టుకున్నారు.

1532లో స్పెయిన్‌వాళ్ళు వచ్చినప్పుడు ఈ దారులమీదే నడిచి, ఈ గిడ్డంగుల్లోని తిండే తిని, ఈ రాజ్యాన్నే కూల్చారు. ఎవరికోసమో ఎండబెట్టిన దుంపలు చివరికి ఎవరికి పెట్టాయో చూడండి.

మోసేవాళ్ళ కష్టం ఇప్పుడూ ఉంది. రోజూ అనుమతించే 500 మందిలో సగానికి పైగా గైడ్లు, వంటవాళ్ళు, పోర్టర్లే. ఒకప్పుడు ఎంత బరువైనా ఎత్తేసేవారు. 2001లో చట్టం వచ్చాక, దారి మొదట్లోనే మూటలు తూకం వేస్తున్నారు. ఎన్నో ఏళ్ళు మగవాళ్ళే చేసిన ఆ పనికి ఈమధ్య కొందరు ఆడవాళ్ళూ వస్తున్నారు.

ఇదంతా చదివి మర్నాడు మా పిల్లకి ఫోన్ చేశాను. "మీ గుడారాలు మోసి, మీకు వండిపెట్టినవాళ్ళ పేర్లు తెలుసా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి ఇద్దరి పేర్లు చెప్పింది. "మిగతావాళ్ళవి గుర్తులేవు పిన్నీ" అంది, చిన్నబోయి.

దాన్ని అనడానికి నాకేం హక్కుంది? మా అమ్మమ్మకి ఒరుగులు, వడియాలు పెట్టడం నేర్పింది వాళ్ళమ్మ. ఆవిడ చెప్పిన కొలతలతోనే ఇవాళ్టికీ మా ఇంట్లో వడియాలు పెడుతున్నాం. ఆవిడ పేరేమిటని అమ్మని అడిగాను. "అందరం పెద్దమ్మమ్మ అనేవాళ్ళమే. అసలు పేరు... గుర్తురావడం లేదే" అంది అమ్మ.

ఊళ్ళో మామయ్యకి ఫోన్ చేసి కనుక్కుంటానంది. ఎదురుచూస్తున్నాను.