ఆ మంచం దగ్గరికి ధూపం తేకండి

1963 ఆగస్టు 9. బోస్టన్‌లో తెల్లవారుజామున నాలుగు దాటింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన కొడుకు ప్యాట్రిక్ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ప్యాట్రిక్ అయిదున్నర వారాలు ముందే పుట్టాడు. రెండు కిలోల బరువు. ఊపిరితిత్తులు విచ్చుకోలేదు. ఒత్తిడితో ఆక్సిజన్ నింపే ఉక్కు గదిలో పెట్టినా లాభం లేకపోయింది. 39 గంటలే బతికాడు. అంతటి తండ్రికి ఆనాడు దొరకని వైద్యం ఇప్పుడు మన కాకినాడ, రాజమండ్రి దాకా వచ్చింది.

తర్వాతి ఏళ్లలో వెంటిలేటర్లు నెలలు నిండని పిల్లల్ని బతికించాయి. 1967లో స్టాన్‌ఫర్డ్ డాక్టరు నార్త్‌వే అలా బతికిన కొందరి ఎక్స్‌రేల్లో కొత్త జబ్బు చూశాడు. యంత్రపు ఒత్తిడి, ఎక్కువైన ఆక్సిజన్ చేసిన గాయం అది. దాన్ని బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా, పొట్టిగా బీపీడీ అన్నారు. అదృష్టం ఏమిటంటే, పసివాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతాయి. పెరిగేదాకా కాస్త ఆక్సిజన్ అందిస్తే చాలు, చాలామందికి అది ఇంట్లోనే కుదురుతుంది.

ఆ ఇంట్లో బిడ్డ ముక్కుకు సన్నని గొట్టం, చెంపకు టేపు. పక్కన గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ గుర్రుమంటుంటుంది. తల్లి చూపంతా పాదానికి కట్టిన ఆక్సిమీటరు మీదే. సాధారణంగా 93కు తగ్గకూడదు. నూనె రాసి స్నానం చేయించగానే అమ్మమ్మ సాంబ్రాణి ధూపం తెస్తుంది. ప్రేమతోనే తెస్తుంది. "వద్దమ్మా, నిప్పు ఇటు తేవద్దు" అని కూతురే గట్టిగా చెప్పాలి. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ పెద్ద మంటవుతుంది. పొగ ఆ ఊపిరితిత్తులకు మరో దెబ్బ. గొట్టం దగ్గర నూనె చుక్క కూడా ఉండకూడదు.

కోనసీమలో ఇంకో భయం ఉంది, వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, పడవలే దారి. కరెంటు పోతే కాన్సంట్రేటర్ ఆగుతుంది, అప్పుడు సిలిండరే దిక్కు. చిన్న బి-టైపు సిలిండరులో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి పావు లీటరు వాడే బిడ్డకు అది నాలుగు రోజులు వస్తుంది. లంకలో ఉండేవాళ్లకు ఒకటి చాలదు.

అయినవిల్లి, పి.గన్నవరం, ముమ్మిడివరం లంకల తల్లులకు ఒక మాట. డిశ్చార్జి రోజే నిండు సిలిండర్లు, సరిపడే రెగ్యులేటరు అడిగి తీసుకోండి. ఆక్సిజన్ ఫ్లో మీరు మార్చకండి, ఆపకండి. మీ ఇంట్లో ఆక్సిజన్ బిడ్డ ఉందని ఆశా కార్యకర్తకూ, లైన్‌మన్‌కూ ముందే చెప్పండి. మొదటి హెచ్చరిక వినగానే బిడ్డతో గట్టుకు వచ్చేయండి.