దూరపు నీరు, దగ్గరి చెరువు

కుళాయి త్రిప్పినంతనే నీరు వచ్చుట మనకిప్పుడు వింతగా తోచదు. ఆ నీరు ఏ యేటిదో, ఎంత దూరము నడిచి వచ్చినదో, త్రోవలో ఎవరి వాకిళ్ళ ముందుగా సాగినదో మనము సాధారణముగా విచారింపము. హైదరాబాదు నగరపు త్రాగునీటి చరిత్ర తెలియగోరువారు చార్మినారు నీడను గాక, నగరమునకు పడమట నున్న తెల్లాపూరు వద్ద నిలిచి చూచుట మేలు. ఒకప్పుడు మెదకు జిల్లాలోని చిన్న పల్లె యది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఆకాశము నంటు మేడల ఊరు. ఆ చెంతనే రామచంద్రపురము, మరికొంత దూరమున పటాన్‌చెరు. మంజీర నీరు నగరమునకు పోవు బాట ఈ సీమమీదుగనే కలదు.

హైదరాబాదున నీరు ముందు, ఊరు వెనుక. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ చేతిమీదుగా హుస్సేన్ సాగరము వెలసినది. నగర స్థాపన 1591 నాటి మాట. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మీర్ ఆలం పేర మరియొక చెరువు ఏర్పడినది. వరుసగా నిలిచిన 21 అర్ధచంద్రాకారపు కమానులే దాని కట్ట. ఈ చెరువులును, ఇంటింటి బావులును ఆనాటి దాహమును తీర్చెడివి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, నగరమునకు ఎగువను జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని సూచించిరి. అట్లు మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ప్రళయము తెచ్చిన యేరే మంచినీటి నిధియైనది. గండిపేట నీరు మిట్టనుండి పల్లమునకు తనంతట తాను ప్రవహించి ఆసఫ్‌నగరు శుద్ధికేంద్రమును చేరెడిది. ఆ నీరు త్రాగినవాడు ఈ ఊరు విడువలేడని నగరవాసులు చెప్పుకొను మాట మనమందరము విన్నదే.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని యైన పిమ్మట జనము పెరిగినది. మూసీ జలాశయములు చాలవైనవి. అప్పుడు చూపు మంజీరవైపు మరలినది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు సీమను దాటి, సంగారెడ్డి, మెదకు ప్రాంతములను చుట్టి గోదావరిలో కలియు నది యిది. సంగారెడ్డి చెంతనున్న ఆనకట్టనుండి 1965లో మొదటి దశ నీరు, 1981లో రెండవ దశ నీరు వచ్చినవి. ఇంకను పైనున్న సింగూరు జలాశయమునుండి 1991, 1993 సంవత్సరములలో మూడవ, నాలుగవ దశలు వచ్చినవి. గోదావరి కుటుంబపు నీరు కృష్ణా పరీవాహమున నున్న నగరమునకు మరలినది. గండిపేట నీటివలె ఇది తనంతట రాదు, యంత్రములతో పైకెత్తవలెను. నాటినుండి నీటి ఖర్చులో విద్యుత్తు ఖర్చును కలిసినది.

అయితే మంజీర యజమాని లేని యేరు కాదు. దిగువను 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింద నిజామాబాదు రైతుల పొలములు ఆ నీటినే నమ్ముకొన్నవి. నగరము ఒక కడవ నింపుకొన్నపుడు వేరొకచోట ఒక మడి తడియారునేమో యను ప్రశ్న నాడును కలదు, నేడును కలదు.

ఇక పటాన్‌చెరు సంగతి. ఆ పేరులోనే చెరువు కలదు. 1970 తరువాత అచట పారిశ్రామికవాడ పెరిగినది. మందుల, రసాయనముల కర్మాగారములు బ్రతుకుతెరువు చూపినవి. వాని వ్యర్థజలము నక్కవాగున పడినది. పల్లెల బావులు చెడినవి. భూగర్భజలమున ఆర్సెనిక్ వంటి విషముల జాడలను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయినది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము పనికి వచ్చినది. తమ ఊరి ప్రక్కగా నగరమునకు శుద్ధజలము పెద్దగొట్టములలో పోవుచుండగా, తమ బావినీటిని నోట పోసికొనలేని కుటుంబముల బాధను ఏ లెక్కలు చెప్పగలవు?

1989 నవంబరు 1వ తేదీన నగర నీటి సరఫరా, మురుగునీటి మండలి ఏర్పడినది. శుద్ధికేంద్రమున పటికతో మలినమును దించి, ఇసుకపొరలలో వడబోసి, క్లోరిను కలుపుదురు. కుళాయి వద్దకు చేరునాటికి లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి యుండవలెనని భారతీయ ప్రమాణము. శుద్ధమైన నీరును త్రోవలో చెడవచ్చును. సరఫరా ఆగినవేళ గొట్టము వట్టిపోవును. అందులో పగులున్నచో ప్రక్కనున్న మురుగును లోనికి లాగికొనును. కావున కుళాయి విడిచినంతనే వచ్చు నీటిని పరీక్షగా చూడవలెను. దుర్వాసన, రంగు కనబడినచో ఆ నీటిని త్రాగక 155313 సంఖ్యకు ఫిర్యాదు చేసి, నమోదు సంఖ్యను వ్రాసికొనుట గృహస్థులకు క్షేమము. ఒక యింటి ఫిర్యాదు వీధియంతటిని కాపాడగలదు.

దాహము అంతటితో ఆగలేదు. 2004లో నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి కృష్ణ వచ్చినది. 2015లో నూటయెనుబదికి మించిన దూరమునుండి గోదావరి వచ్చినది. ఆ సమయముననే వానలు లేక సింగూరు ఎండిపోయినది. దూరపు నీరును నమ్మదగినది కాదని అది తెలిపినది. దగ్గరనున్న హుస్సేన్ సాగరమో, నాలాల మురుగుతో త్రాగుటకు పనికిరానిదైనది. మనము ఒక్కొక్క చెరువును పాడుచేసికొని ఒక్కొక్క నదిని వెదకికొనుచు పోయితిమి.

2018లో పురపాలక సంఘమైన తెల్లాపూరు ఈ కథకు క్రొత్త యధ్యాయము. అచటి మేడలలో బోరుబావి, ట్యాంకరు, గొట్టపు నీరు మూడును కలిసి సంసారము నడుపుచున్నవి. అచ్చట నిలువవలసినది గొట్టము మాత్రమే కాదు; మిగిలిన చెరువులకు వాననీరు చేరు కాలువలు నిలువవలెను, మురుగు వాని నంటక శుద్ధి కావలెను, మేడ కప్పుమీద పడిన వాన భూమిలోనికి ఇంకవలెను. దూరమునుండి నీరు తెచ్చు విద్యను మన పెద్దలు మనకు చక్కగా నేర్పిరి. దగ్గరి నీటిని కాపాడు విద్యను మాత్రము మనమే నేర్చుకొనవలసి యున్నది.