480 మంది అభ్యర్థులు, ఒక బిందె నీళ్ళు

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఎంతమంది పోటీ చేశారో తెలుసా? 480 మంది. టైపో కాదండీ, అక్షరాలా నాలుగు వందల ఎనభై! అప్పట్లో దాన్ని జోకులా చెప్పుకుని నవ్వుకున్నవాళ్ళే ఎక్కువ. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో బిట్టు ప్రశ్నగా కూడా స్థిరపడిపోయింది. ఎందుకు వేశారన్నది మాత్రం ఆ బిట్టులో ఉండదు.

నీళ్ళ కోసం వేశారు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపు మీద వందల మంది నామినేషన్లు వేశారు. అందరూ అడిగింది ఒకటే. మా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, ఎముకలు వంగిపోతున్నాయి, మాకు కృష్ణ నీళ్ళు ఇవ్వండి.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి రిపోర్టు వచ్చింది 1937లో, అదీ మన తెలుగు నేల నుంచే. అప్పటి నెల్లూరు జిల్లాలో పశువులకీ మనుషులకీ కీళ్ళు బిగుసుకుపోవడం చూసి డాక్టర్లు కారణం వెతికితే తాగే నీళ్ళ దగ్గర తేలింది. అంటే నల్లగొండ జనం నామినేషన్లు వేసేనాటికి ఈ సంగతి తెలిసి దాదాపు 60 ఏళ్ళు. మధ్యలో నాగపూర్ 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. నల్లగొండలో మాత్రం పిల్లల పళ్ళ మీద మచ్చలు అలాగే ఉన్నాయి.

మరి బోర్లు ఎవరు వేశారు? ఇదే అసలు చిక్కు. దిగుడుబావుల్లో నారికురుగులు, ఎండాకాలం వస్తే అడుగున బురద. 1966-67 కరువు తర్వాత రాయిని తొలిచే రిగ్గులొచ్చాయి, వాటి వెనకే ఇండియా మార్క్-2 చేతిపంపులు. క్రిముల లెక్కన చూస్తే బోరు నీళ్ళు నిజంగానే మేలు. 2000లో దేశంలో నారికురుగు పూర్తిగా పోయిందని ప్రకటించారంటే అందులో ఈ పంపుల వాటా చాలా ఉంది. కాబట్టి బోరు వేయించిన ఇంజనీరుని తిట్టడం నాకు ఇష్టం లేదు. కానీ నీళ్ళు పడ్డాయా లేదా అని చూసినంత శ్రద్ధగా ఆ నీళ్ళలో ఏముందో చూడలేదు. మన గ్రానైటు రాతిలో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవున్న నీళ్ళలోకి అది కరుగుతుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు అని మన బీఐఎస్ ప్రమాణం. ఫ్లోరైడ్ నీళ్ళకి రంగుండదు, వాసనుండదు. టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి వదిలేస్తే ఏమవుతుందో మనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సరే, 480 మంది అడిగారు. ఎన్నిక జరిగింది, సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఢిల్లీ ఇచ్చిన జవాబు చూడండి. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకి పెంచారు. స్వతంత్ర అభ్యర్థిని బలపరచడానికి ఒక్కరు చాలదు, పది మంది కావాలన్నారు. నల్లగొండ ఒక్కటే కారణం కాదు లెండి. అదే ఏడు బెళగావిలో 456 మంది, తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి ఏకంగా 1,033 మంది నిలబడ్డారు. అయినా, నీళ్ళ గురించి అడిగితే బ్యాలెట్ పొడుగు గురించి జవాబు చెప్పడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. (అన్నట్టు, 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు ఇదే పని చేస్తే మొత్తం 185 మందికి ఈవీఎంలు వరసగా పేర్చారు. ఎం3 యంత్రం నోటాతో కలిపి 384 పేర్ల దాకా పడుతుంది. 480 అయితే మళ్ళీ కాగితమే!)

రాష్ట్రం ఇచ్చిన జవాబు వేరు. 1996లో తాగునీటి కోసం భూగర్భజలాల నియంత్రణ చట్టం తెచ్చింది. దాని స్థానంలో 2002లో 'వాల్టా' వచ్చింది. రిగ్గులు రిజిస్టర్ చేయించుకోవాలి, ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు, ఇలా చాలా ఉన్నాయి. చదవడానికి బావుంటుంది. కానీ దాని కింద పునాదిలో ఇంకో పాత చట్టం ఉంది. మొదట మద్రాసు వైపు అమలైన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, నేల కింద పద్దు లేకుండా పారే నీళ్ళని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి గలవాడిదే. అది 1843లో ఇంగ్లాండులో బొగ్గు గని తవ్వకం వల్ల ఒక మిల్లు యజమాని బావి ఎండిపోతే, నష్టపరిహారం లేదు పొమ్మన్న తీర్పు దారిలో వచ్చిన ఆలోచన. నేల కింద ఏం జరుగుతుందో ఎవరికీ కనపడని రోజుల రూలు అది. మోటబావి కాలంలో దానివల్ల పెద్ద నష్టం లేదు, ఎద్దులు ఎంతని తోడతాయి? తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు రాత్రికి రాత్రి వెయ్యి అడుగులు దిగే రోజుల్లో అదే హక్కు పక్కవాడి బావికి ఉరితాడు. దానికి 2004లో ఉచిత కరెంటు తోడయ్యింది. ఒక చేత్తో వాల్టా, ఇంకో చేత్తో ఫ్రీ కరెంట్!

ఇంతకీ ఈ రూల్స్ రాసేటప్పుడు బోరు వేసుకునేవాడిని ఎవరైనా అడిగారా? కేంద్రం బిల్లుల ముసాయిదాలు 30 రోజులు జనం ముందు పెట్టాలన్న విధానమే 2014లో వచ్చింది. అంతకు ముందు సామాన్యుడి మాట రూలుగా మారిన సందర్భాలు తక్కువ. ఒకటి మాత్రం గుర్తుంది. 2006లో హర్యానాలో ఒక ఐదేళ్ళ పిల్లాడు బోరుగుంతలో పడితే దేశమంతా రెండు రోజులు టీవీల ముందు కూర్చుంది. అతను బతికాడు, తర్వాత పడ్డ పిల్లలు చాలామంది బతకలేదు. 2009లో సుప్రీంకోర్టుకి చేరిన ఒక ఉత్తరమే పిటిషన్ అయ్యింది. 2010లో కోర్టు కొలతలతో సహా చెప్పింది: కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె, పైన వెల్డింగ్ చేసిన స్టీలు మూత, తవ్వేటప్పుడు చుట్టూ కంచె, వదిలేసిన బోరు అడుగు నుంచి నేల దాకా పూడ్చాలి. ఒక్క ఉత్తరం! ఆ తర్వాత కూడా ఏటా ఎక్కడో ఒకచోట పిల్లలు పడుతూనే ఉన్నారు. ఎందుకంటే పూడ్చే ఖర్చు ఎండిపోయిన బోరుతో అప్పుల పాలైన రైతు మీదే పడుతుంది.

జనాన్ని అడగడం అనేది మన దగ్గర నిజంగా జరిగింది మాత్రం వేరేచోట. 2003 తర్వాత ఎఫ్ఏఓ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాల లెక్క చూసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. రైతులు, అందులో ఆడవాళ్ళూ, బావుల్లో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటకి కావలసినవెన్ని అని బడ్జెట్ వేశారు. హైడ్రాలజీ చదవని వాళ్ళు వేసిన ఆ లెక్క చూసి చాలాచోట్ల వరి మానేసి ఆరుతడి పంటలకి మారారు. ఎవరూ బలవంతం చేయలేదు, జరిమానా లేదు. అదే దాని బలం, అదే దాని లోటు కూడా. సొంత చేలో ఏం వేయాలో వాళ్ళు తేల్చుకోగలిగారు. పక్క చేలోకి కొత్త రిగ్గు వస్తే మాత్రం ఆ లెక్కల పుస్తకం చూపించి ఆపే అధికారం వాళ్ళకి ఏ చట్టమూ ఇవ్వలేదు.