జంట తీగల మధ్య తేడా: హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ చరిత్రలో డిఫరెన్షియల్ వలయం

1. ప్రవేశిక

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుండి అశోక్‌నగర్, నారాయణగూడ వరకు పోటీ పరీక్షల అభ్యర్థులు విస్తారంగా కనిపిస్తారు. వారిలో ఇంజనీరింగ్ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ అంటే ఒక వలయచిత్రం, రెండు మూడు సూత్రాలు. అయితే ఆ సూత్రాల వెనుక ఒక చరిత్ర ఉంది. అందులో కొంత ఈ నగరానికి చెందినదే. చిత్రం సరిగా గీసినంత మాత్రాన వలయం పనిచేయదని, దాని సమతుల్యతను విడిభాగాల స్థాయిలో సాధించి పరీక్షించవలసి ఉంటుందని ఆ చరిత్ర నిరూపిస్తుంది. ఆ అంశాన్ని పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. భావన ఆవిర్భావం

సంకేతాన్ని ఒకే తీగపై పంపితే దారిలో చేరిన రొద అందులో కలిసిపోతుంది. రెండు తీగలపై పరస్పర వ్యతిరేకంగా పంపి, వాటి మధ్య తేడాను మాత్రమే గ్రహిస్తే, రెండింటిపై సమానంగా పడిన రొద తీసివేతలో తొలగిపోతుంది. టెలిఫోను మార్గాలకు ఉపకరించే మెలిపెట్టిన జంట తీగలపై అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో పేటెంటు పొందాడు. జీవుల శరీరంలోని సూక్ష్మ విద్యుత్ సంకేతాలను కొలవడానికి మాథ్యూస్ 1934లో డిఫరెన్షియల్ యాంప్లిఫయర్‌ను వివరించాడు. 1936లో అలన్ బ్లమ్లీన్ దాఖలు చేసిన పేటెంటు, నేటి పాఠ్యపుస్తకాలలోని ట్రాన్సిస్టర్ జంటకు మాతృక అయిన వాల్వుల జంటను ప్రతిపాదించింది.

3. అణు పరికరాల నుండి ఈ.సి.ఐ.ఎల్. వరకు

రియాక్టరులో న్యూట్రాన్లను కొలిచే అయాను గదిలో గామా కిరణాల వల్ల కూడా విద్యుత్ ప్రవాహం పుడుతుంది. అందువల్ల పరిహారిత అయాను గదిని రెండు భాగాలుగా నిర్మిస్తారు. ఒక భాగం న్యూట్రాన్లకు, గామా కిరణాలకు స్పందిస్తుంది. రెండవది గామా కిరణాలకే స్పందిస్తుంది. ఆ రెండు ప్రవాహాల తేడాయే అసలైన కొలత. అణు పరికరాల రంగానికి తేడా తీసే పద్ధతి ఎంత మౌలికమో దీనివల్ల స్పష్టమవుతుంది.

1956 ఆగస్టు 4న క్రియాశీలమైన అప్సర రియాక్టరుకు నియంత్రణ వ్యవస్థను రూపొందించిన బృందానికి భీమవరం సమీపంలోని మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వం వహించారు. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంఘంలో విక్రమ్ సారాభాయ్‌తోపాటు ఆయన, ఉస్మానియా పూర్వ ఉపాధ్యక్షులు సూరి భగవంతం సభ్యులు. 1966 నాటి ఆ సంఘం నివేదిక విడిభాగాల తయారీలో స్వావలంబనకు ప్రాధాన్యమిచ్చింది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. సాంబశివరావు దాని సారథి అయ్యారు. నేటి ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరిట వెలసినదే.

4. పరీక్ష తెలిపే సత్యం

విడిభాగాలకు అంత ప్రాధాన్యం ఎందుకో పరీక్షా పద్ధతి తెలుపుతుంది. వలయం రెండు ప్రవేశాలకూ ఒకే వోల్టేజి ఇచ్చి నిర్గమాన్ని కొలుస్తారు. ఆదర్శ వలయంలో అది సున్నా కావాలి. ఒక ఆపరేషనల్ యాంప్లిఫయర్, నాలుగు సమాన నిరోధకాలు గల వలయాన్ని తీసుకుందాం. నిరోధకాల విలువలలో 1 శాతం వరకు వ్యత్యాసం ఉంటే, అత్యంత ప్రతికూల స్థితిలో కామన్ మోడ్ రిజెక్షన్ రేషియో సుమారు 34 డెసిబెల్స్ మాత్రమే. అంటే 1 వోల్టు ఉమ్మడి రొదలో సుమారు 20 మిల్లీవోల్టులు నిర్గమానికి చేరతాయి. వ్యత్యాసం 0.1 శాతానికి తగ్గితే ఆ నిష్పత్తి 54 డెసిబెల్స్‌కు పెరుగుతుంది; చేరే రొద 2 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. వలయచిత్రం మారలేదు, మారినది నిరోధకాల నాణ్యత మాత్రమే. పౌనఃపున్యం పెరిగేకొద్దీ తీగల కెపాసిటెన్సులలోని అసమానత కూడా సమతుల్యతను చెడగొడుతుంది. కనుక ఒక్క పౌనఃపున్యం వద్ద చేసిన పరీక్ష చాలదు.

5. ముగింపు

సిమ్యులేషన్‌లో రెండు ట్రాన్సిస్టర్లను అచ్చంగా ఒకే తీరుగా నిర్వచిస్తే సమతుల్యత శ్రమ లేకుండానే లభిస్తుంది. ప్రయోగశాలలో దానిని సంపాదించుకోవాలి. ఎలక్ట్రానిక్స్ చరిత్రను ఆవిష్కర్తల పేర్లకు, వలయచిత్రాలకు పరిమితం చేసే రచన ఈ శ్రమను విస్మరిస్తుంది. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థి చేత ముందు 1 శాతం, తరువాత 0.1 శాతం నిరోధకాలతో ఒకే వలయాన్ని కట్టించి కొలిపిస్తే, 1966 నాటి నివేదిక విడిభాగాలను ఎందుకు ప్రధానంగా భావించిందో అతనికి అనుభవపూర్వకంగా తెలుస్తుంది. హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ చరిత్ర బోధనకు ఇది తగిన ఆరంభం కాగలదు.