శ్రీశైలపు త్రోవ

మాఘమాసము వచ్చుసరికి గుంటూరు సీమలో ప్రత్తితీత ముగియవచ్చును, మిరపకల్లములు ఎఱ్ఱబడును. సరిగా ఆ దినములలోనే మహాశివరాత్రి వచ్చును. కల్లమునకు కాపెవరు, ఇంటికి దిక్కెవరు, బయలుదేరువారెవరు అను చర్చయే మన పల్లెలలో తరతరములుగా శ్రీశైలయాత్రకు తొలిమెట్టు. నేడు గుంటూరునుండి శ్రీశైలమునకు దాదాపు 220 కిలోమీటర్లు. ఉదయమున బస్సెక్కినవాడు ప్రొద్దుగ్రుంకకమునుపే కొండపై దిగగలడు. ఎద్దులబండి దినమునకు 25 కిలోమీటర్లు నడచుట గొప్ప. ఆ లెక్కను మన పెద్దలకు పోకకే తొమ్మిదిపది దినములు. రాకకు మరల అన్నియే.

వేగము పెరిగినదని చెప్పి ఇంతటితో ఊరకుండవచ్చును. కాని దుర్గమమైన యొక స్థలమునకు దారి ఎట్లేర్పడినది, దానిని వేసినవారెవరు, సుంకము గొన్నవారెవరు, తోడు నడచినవారెవరు అని విచారించితిమేని అది రాళ్లచరిత్రగాక మనుష్యుల నడవడి చరిత్రయగును. దారియనగా నేలమీది గీత మాత్రము కాదు. నీరు, నీడ, తోడు, ఈ మూడును కూడినదే దారి. వీనిని ఏ కాలమువారు ఎట్లు సమకూర్చిరో, ఎవరు మరచిరో చూతము.

ముందుగా నేల స్వభావము తెలియవలెను. తూర్పున రేగడి. వానకాలమున ఆ జిగటమన్ను బండిచక్రములను ఇరుసుదాక మ్రింగును. ఒంగోలు గిత్తలకు సైతము అది అలవికాదు. మాఘమునకు నేల గట్టిపడును, బండ్లు కదలును. నరసరావుపేట, వినుకొండ దాటిన పిమ్మట రేగడి పోయి రాతిమెట్ట వచ్చును. మార్కాపురపు ప్రాంతము పలకరాతికి ప్రసిద్ధము. మనలో పెక్కుమంది ఓనమాలు దిద్దిన పలకలు ఆ నేలలోనివే. అటుపిమ్మట నల్లమల. వెదురు, చండ్ర, ఏగిస పెరుగు ఎండుటడవి అది. వర్షము వచ్చినపుడు వాగులు పొంగును. మాఘఫాల్గుణములకు అవియే ఇసుకచాళ్లగును. కావున నేల నడువనిచ్చు కాలమున అడవిలో నీరుండదు. నీరున్న కాలమున నేల నడువనీయదు. శ్రీశైలయాత్ర యొక్క చిక్కంతయు ఈ రెండుమాటలలో నున్నది.

ఈ చిక్కునకు ప్రాచీనులు చేసిన మొదటి ఉపాయము ద్వారక్షేత్రములు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము శ్రీశైలమునకు నాలుగు వాకిళ్లని ప్రసిద్ధి. దీనిని పుణ్యకథగా మాత్రమే చూడరాదు. అడవి అంచున నాలుగు దిక్కుల నాలుగు పెద్ద గుళ్లుండుటచే యాత్రికునకు బస, బావి, సత్రము, వెంటనడచుటకు నలుగురు తోడు అచ్చట దొరకిరి. ఒంటరిగా వచ్చినవాడు అచ్చట గుంపులో చేరి కొండకు నడచెను. మన సీమవారి వాకిలి త్రిపురాంతకము. కాకతీయుల కాలపు శాసనములు అచ్చట పెక్కు కలవు.

రెండవ ఉపాయము మెట్లు. పదునాల్గవ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా రాజ్యము స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. ఆ మెట్లు ఎవరికొఱకు? రాజు పల్లకిలో పోవును, బోయీలు మోతురు. మెట్లు కాలినడకవానికొఱకు, మోకాళ్లు నొచ్చు వృద్ధునికొఱకు, చంకలో బిడ్డనెత్తికొన్న తల్లికొఱకు. విజయనగర ప్రభువగు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించినది. కొండమీద నున్నవారికి క్రింద పారు కృష్ణ కంటికి కనబడును గాని చేతికందదు. ఆ కష్టమును తొలగించుటకు పూనుకొన్నది ఒక స్త్రీ యని మన గృహిణులు గుర్తింపదగును. 1515లో కొండవీడును జయించిన కృష్ణదేవరాయలు శ్రీశైలమున రథవీథికి ఇరుప్రక్కల మండపములు కట్టించెను. విఠలాంబ నీటికి దారి చూపినది. రాయలు నీడ నిచ్చెను.

ఇచ్చట ఒక సందేహమునకు సమాధానము చెప్పవలెను. కష్టపడి పోయినగాని యాత్రాఫలము దక్కదని నేటికిని అనువారు కలరు. శ్రీశైలమునందే ఆ భావమునకు రాతిసాక్ష్యము కలదు. ప్రోలయ వేముని కుమారుడగు అనవేమారెడ్డి 1377లో అచ్చట వీరశిరోమండపము కట్టించెను. వీరశైవభక్తులు ఆవేశమున తమ యవయవములను, శిరస్సులను సైతము దేవునికర్పించుటకై ఏర్పడిన మండపమది. తండ్రి మెట్లు, కుమారుని మండపము ఒకే కొండమీద నున్నవి. ఒకటి పరుల శరీరబాధను తగ్గించుటకు. మరియొకటి తన శరీరమును ఖండించుకొనుటకు. ఆ మండపపు ఆచారము నశించినది. మెట్లమీద నేటికిని జనులు నడచుచున్నారు. కాలము ఏది నిలిపినదో, దేనిని తొలగించినదో చూచినయెడల తీర్పు వేరుగ చెప్పనక్కఱలేదు. బాధ భక్తికి కొలత కాదు. దారిని సుగమము చేసినవాడు పుణ్యమును చౌకచేసినవాడు కాడు.

పిదప దారికి దుర్దశ వచ్చినది. శ్రీశైలప్రాంతము కర్నూలు నవాబుల యేలుబడిలో నున్న కాలమున యాత్రికులపై పన్ను విధింపబడెను. పన్ను తప్పుగాదు; పుచ్చుకొన్నదానికి ప్రతిఫలముగా నీరో, నీడయో, రక్షణయో ఈయకుండుట తప్పు. అంతకు ఆరువందల యేండ్లకు ముందు, 1244లో, మన తీరమునందలి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనమును దీనితో పోల్చి చూడుడు. తుఫానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. ఆయన దానిని మాని, నియతమైన సుంకముతో తృప్తిపడెను. ఆపదలోనున్న బాటసారిని దోచుకొనరాదను సూత్రము సముద్రమునకెట్లో అడవికి నట్లే.

ఆ దుర్దినములలో ఈ దారిని చూచినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు ముఖ్యులు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, అహోబలముల మీదుగా శ్రీశైలము సేవించి, హైదరాబాదు, నాగపూరుల మార్గమున కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. వెంట నూరుమందికి తక్కువ లేరు. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారి పరిష్కరణము వెలువడినది. ఏ యూరిలో ఏ సరకు దొరకును, మజిలీ ఎచ్చట, బాట ఎట్టిది అని దినదినము వ్రాసికొన్న పుస్తకమది. తనవెనుక రాబోవువారికై ఆ వివరములు వ్రాసిపెట్టుట గూడ మెట్లు కట్టించుటవంటిదే. ధనబలముగలవారు నూరుమందితో నడచిన అడవిలో పేదరైతు దేనిని నమ్మి నడచెను?

చెంచులను నమ్మి నడచెను. నల్లమల వారి యిల్లు. ఏ కోనలో ఊట యింకదో, ఏ పొదలో ఎలుగుబంటి యున్నదో వారికి తెలియును. యాత్రికులకు దారి చూపి, రాత్రి కాపలాయుండి, అందుకు రుసుము పొందు హక్కు వారికి వాడుకలో నుండెను. మల్లికార్జునుడు తమ పిల్లను పెండ్లాడెనని, ఆయన తమ అల్లుడని వారి నమ్మకము. చెంచుమల్లయ్య అని పిలుతురు. అల్లునింటికి పోవువారికి మామగారి బంధువులు దారి చూపుటలో వింత యేమున్నది? చదువుకొన్నవారము వారిని అనాగరికులంటిమి. అడవిలో మనకు చదువు రాదు; వారికి వచ్చును.

ఇట్లుండగా ఆవిరియంత్రము వచ్చినది. 1876–78 నాటి ఘోరక్షామము కర్నూలు, బళ్లారి సీమలను పాడుచేసినది. ధాన్యమున్నచోటినుండి లేనిచోటికి చేర్చుటకు దారిలేకపోవుట ఆ నష్టమునకొక కారణమని గ్రహించి, గుంతకల్లునుండి నంద్యాల, కంభము, గుంటూరుల మీదుగా కృష్ణాతీరమునకు ఇనుపదారి వేసిరి. 1890 నాటికది సాగినది. క్షామరక్షణకై వేసిన ఆ దారియే మన యాత్రికులకు వారము దినముల బండిప్రయాణమును ఒక్క దినమునకు తగ్గించినది. మార్కాపురమురోడ్డు స్టేషనులో దిగి, దోర్నాల చేరి, అచ్చటినుండి కొండ నెక్కుట వాడుకయైనది. ఆ రైలుపెట్టెలో కులభేదములు పాటించుటకు చోటు చాలలేదు. మన సంస్కర్తల ఉపన్యాసములు చేయలేని పనిని మూడవతరగతి బల్ల కొంతవఱకు చేసినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దోర్నాలనుండి ఘాటురోడ్డు పడినది. దాదాపు 50 కిలోమీటర్ల అడవి, రెండు గంటలలోపు. వృద్ధులు, రోగులు, స్త్రీలు స్వేచ్ఛగా పోగలిగిరి. ఇది నిస్సంశయముగ మేలు. అయినను మోటారు వేగములో మూడు సంగతులు మరుగుపడినవి. దారి చూపు చెంచునకు పనిపోయినది. నడచివచ్చువానికొఱకు త్రవ్విన బావులు, కట్టిన మండపములు ఆలనలేక పోయినవి. అడవియన్నది కిటికీలోనుండి చూచు బొమ్మయైనది.

అడవికిని బాధ కలిగినది. 1978లో ఆ ప్రదేశము అభయారణ్యముగ ప్రకటింపబడెను. 1983లో పులుల రక్షణపథకమున చేర్చబడెను. నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము 2014లో రాష్ట్రము విడిపోవువఱకు 3,568 చదరపు కిలోమీటర్లు. దేశమున నట్టివానిలో నదియే పెద్దది. రాత్రి జంతువులు సంచరించును గనుక దోర్నాల మార్గమున రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు వాహనములను ఆపు నిబంధన ఏర్పడినది. గేటువద్ద ఆగవలసివచ్చినవారు విసుగుకొందురు. పూర్వము అడవి తన కాలమును తాను విధించెడిది, మాఘమున రమ్మని, చీకటిపడిన నిలువుమని. నేడా మాట అడవి చెప్పలేదు, మనమే చెప్పుకొనవలసియున్నది.

ఇకముందు చేయదగినదేమి? దూరదేశపు ఉదాహరణమొకటి చూతము. అమెరికాలోని యూటా రాష్ట్రమున ఎఱ్ఱరాతి ఎడారిసీమలో జియాన్ అను జాతీయోద్యానము కలదు, 1919లో ఏర్పడినది. ఇరుకైన ఆ లోయలో కార్లు క్రిక్కిరిసి, చూడవచ్చినదేదియు కనబడకపోయినందున, 2000 సంవత్సరమునుండి రద్దీకాలమున సొంతకార్లను వెలుపల నిలిపి, అందఱిని ఒకే బస్సులలో లోనికి పంపుచున్నారు. ధనికుడును పేదయు ఒకే బల్లమీద కూర్చుండి పోవుదురు. మన మూడవతరగతి రైలుపెట్టె నేర్పిన పాఠమే యది.

శివరాత్రికి, ఉగాదికి దోర్నాలవద్ద సొంతవాహనములను నిలిపి, అచ్చటినుండి ప్రభుత్వపు బస్సులలోనే జనులను పంపుట మనకు అసాధ్యము కాదు. నాగలూటి, పెద్దచెరువుల మీదుగా భీమునికొలను దిగి కైలాసద్వారమునకెక్కు పాత కాలిబాటను కర్ణాటకమునుండి వచ్చు భక్తులు నేటికిని నడచుచున్నారు. ఆ బాటలో మంచినీరు ధర్మకర్తల దయగాగాక నియమముగ నుండవలెను. దారి చూపుట, కాపలాయుండుట, పండుగనాటి చెత్తను తొలగించుట అను పనులలో చెంచుయువకులకు మొదటి హక్కు, తగిన జీతము ఉండవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారికి భూమిపై హక్కును గుర్తించినది; దారిపై వారికుండిన పాతహక్కును గుర్తించుట మన వివేకమునకు వదలివేయబడినది.

రైతులోకమునకు ఇది తెలియని సూత్రము కాదు. చేలగట్టున బాట విడుచునపుడు ఇరుగుపొరుగుల బండ్లు పోవునా, కాలువ పాడగునా, పైరు త్రొక్కబడునా అని మూడును చూచిన పిమ్మటనే గట్టు వేయుదుము. దేవుని కొండకు దారి వేయునపుడును అంతే. పోవువాని సుఖము, అచ్చటివాని బ్రతుకు, ఆ చోటి క్షేమము మూడును చూడవలెను. ప్రోలయ వేముడు మొదటిదానిని చూచెను. తక్కిన రెండింటిని చూచుట మన వంతు.