మోసర్ గుండె లెక్క

మీ వాచ్‌లో హార్ట్ రేట్ జోన్స్ చూస్తుంటారు కదా? సైక్లింగ్‌లో ఆ పిచ్చిని బాగా పెంచిన కథ ఇది.

1984 జనవరి 23, మెక్సికో సిటీ. ఇటలీ రైడర్ ఫ్రాన్సెస్కో మోసర్ ఒక్క గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కేశాడు. 1972 నాటి ఎడ్డీ మెర్క్స్ రికార్డు 49.431. దాన్ని మోసర్ దాటడం ఆ వారంలోనే రెండోసారి!

వెనకున్నది ఫెరారా యూనివర్సిటీ ప్రొఫెసర్ కాంకోని. స్పీడ్ పెంచుతూ పోతే గుండె వేగం గీత గీసినట్టు పెరుగుతుంది, ఒకచోట ఆ గీత వంగుతుంది. అదే మీ లిమిట్, దాన్ని బట్టి ట్రైనింగ్ చేయండి అన్నాడాయన. 1982లో ఆ పేపర్ వచ్చింది. సరిగ్గా అదే ఏడాది ఫిన్లాండ్ కంపెనీ పోలార్, ఛాతీకి కట్టుకునే వైర్‌లెస్ మానిటర్ తెచ్చింది. ల్యాబ్‌లో దొరికే నంబర్ రోడ్డు మీదికొచ్చేసింది. ఇంకేముంది, మోసర్ గెలిచాక అందరికీ గుండె లెక్కే మంత్రం.

చాలా ఏళ్ల తర్వాత మోసర్ ఒప్పుకున్నాడు, ఆ రికార్డు కోసం రక్తం కూడా ఎక్కించుకున్నానని. అప్పటికి దానిమీద నిషేధం లేదు, నిజమే. కానీ కోడ్ రాసినవాడిగా నాకు మండేది ఇక్కడే: గ్రాఫ్ అందరికీ చూపించి, ఒక పెద్ద వేరియబుల్‌ని లాగ్‌లోంచి తీసేశారు! పైగా ఆ గీత అందరిలోనూ వంగదని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

పోలార్ బెల్ట్ మాత్రం బీట్స్ కరెక్ట్‌గానే లెక్కపెట్టింది.